పాత సర్వర్ కొనేముందు

(ధర్మపురిలో తెలుగు క్రైస్తవ యువతీయువకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల మీలో ఇద్దరు తమ్ముళ్లు ఫోన్ చేశారు. "అన్నా, బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాత సర్వర్ ఒకటి బాగా చవకగా వస్తోంది. తెచ్చి చర్చి గదిలో పెడితే, చుట్టుపక్కల చిన్న సంఘాలకూ బడులకూ తక్కువ ఖర్చుతో వెబ్‌సైట్లు నడిపి ఇవ్వొచ్చు కదా?" అని అడిగారు. మంచి ఆలోచనే. చాలా ఏళ్లు సర్వర్ల గదుల్లో పనిచేసినవాణ్ణి కాబట్టి సగం అవుననీ సగం కాదనీ చెప్పాను. ఆ రెండు సగాలూ ఇవాళ మీ అందరి ముందు పెడతాను.

ఆ సర్వర్ అంత చవకగా ఎందుకు వస్తోంది? చెడిపోయి కాదు. పెద్ద కంపెనీలు సర్వర్‌కు కొన్నేళ్ల ఆయుష్షు ముందే రాసిపెట్టుకుంటాయి. మైక్రోసాఫ్ట్ 2022లో, గూగుల్ 2023లో ఆ లెక్కను నాలుగేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచుకున్నాయి. వారంటీ అయిపోతుంది, అంతే కరెంటుతో ఎక్కువ పని చేసే కొత్తది వస్తుంది, పాతది బయటికి పోతుంది. అప్పటికి దానిలో ఇంకా ఎంతో సత్తువ ఉంటుంది.

ఈ సత్తువ మీదే బతికే వ్యాపారాలు ఉన్నాయి. జర్మనీలో హెట్జ్‌నర్ అనే కంపెనీ, ఒక ఖాతాదారు వదిలేసిన సర్వర్లను వేలం పద్ధతిలో తక్కువ అద్దెకు ఇంకొకరికి ఇస్తుంది. ఫ్రాన్సులో ఓవీహెచ్ కంపెనీ పాత తరం యంత్రాలను కిమ్‌సుఫీ పేరుతో చవకగా అద్దెకిస్తుంది. అంటే మన తమ్ముళ్ల ఆలోచన గాలిలోంచి పుట్టింది కాదు. అయితే వాళ్ల దగ్గర చల్లని గదులు, జనరేటర్లు, రాత్రిపూట మేలుకునే మనుషులు ఉన్నారు. మన చర్చి గదిలో ఒక ఫ్యాను, ఒక తాళం ఉన్నాయి.

గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవడం గురించి ప్రభువు చెప్పిన ఉపమానం మీకు తెలిసిందే. మనమూ కూర్చుని లెక్క వేద్దాం. పది పన్నెండేళ్ల కిందటి ర్యాక్ సర్వర్ పెద్దగా పని లేకుండా ఊరికే వెలుగుతున్నా సుమారు 150 వాట్లు తింటుందనుకోండి. రోజుకు 3.6 యూనిట్లు. నెలకు 108. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా నెలకు 860 రూపాయల పైమాట, ఏడాదికి పదివేలు దాటుతుంది. దాని ఫ్యాన్ల మోత వేరే. పక్క గదిలో ప్రార్థన చేసుకోలేరు. ఒక చిన్న వెబ్‌సైట్‌కు సరిపడే చోటు బయట నెలకు కొన్ని వందల రూపాయలకే అద్దెకు దొరుకుతుంది. చవకగా కొన్న యంత్రం కరెంటు బిల్లులో తన ధర వసూలు చేసుకుంటుందన్నమాట.

ఇంకో చిక్కు ఉంది. మనకు వచ్చే చవక ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ చిరునామా ఉండదు. ఒకే చిరునామాను ఎంతోమంది పంచుకుంటారు. బయటివాళ్లు నేరుగా మన సర్వర్ తలుపు తట్టలేరు. దీనికి దొడ్డిదారులు ఉన్నాయి, నేను కూడా వాడాను, కానీ పది సంఘాల వెబ్‌సైట్లను వాటి మీద నిలబెట్టను. అందుకని బయటి ప్రపంచం చూడాల్సిన వెబ్‌సైట్ల కోసం, ఇందాక చెప్పినలాంటి పాత సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని పది సంఘాలు పంచుకోండి. ఇది నా అవును.

రెండో అవును ఇంకా దగ్గరది. ఆఫీసులు వదిలేసే చిన్న డెస్క్‌టాప్‌లు ఉంటాయి చూడండి, పుస్తకమంత పెట్టెలు. ఖాళీగా ఉన్నప్పుడు అవి పది పదిహేను వాట్లతో సరిపెట్టుకుంటాయి. నెలకు 11 యూనిట్లు, తొంభై రూపాయల లోపు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి, కొత్త విండోస్ ఎక్కని మంచి యంత్రాలు ఎన్నో మూలన పడుతున్నాయి. వాటి మీద డెబియన్ లైనక్స్ హాయిగా నడుస్తుంది. పాత ల్యాప్‌టాప్ అయినా సరే, పవర్ కట్ అయితే దాని బ్యాటరీయే యూపీఎస్. ఆ బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముందు దాన్ని తీసేయండి, అది నిప్పుతో సమానం.

అలాంటి పెట్టెకు ఒక వైఫై రూటర్ కలిపితే, ఇంటర్నెట్ లేకపోయినా ఆ ఆవరణలో ఉన్నవాళ్లందరికీ పనిచేస్తుంది. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా మొత్తం అందులో పెట్టొచ్చు. కోలిబ్రీలో పిల్లల పాఠాలు, వాటి పక్కన పోటీ పరీక్షల పాత ప్రశ్నపత్రాలు, సండే స్కూలు పాటలు. రీచార్జ్ అయిపోయిన ఫోను కూడా ఇక్కడ పనికొస్తుంది. తెలంగాణ పల్లెల్లో స్వేచ్ఛ సంస్థవాళ్లు ఫ్రీడమ్‌బాక్స్‌తో వైఫై నడిపినప్పుడు వాడినవి కూడా తక్కువ కరెంటుతో నడిచే చిన్న పెట్టెలే.

ఇంత చిన్న పనికి ఇంత ప్రయాస ఎందుకని అడగొచ్చు. పారేసిన యంత్రం ఎక్కడికి పోతుందో చూడండి. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగయింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు అందింది 22.3 శాతమే. మిగతాదానిలో చాలా భాగం ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకు చేరుతుంది. రాగి కోసం తీగలు కాలుస్తారు, బంగారం కోసం బోర్డులను ఆమ్లంలో ముంచుతారు. సీసం, కాడ్మియం పీల్చేది ఆ పని చేసే పేదలు. పశ్చిమ తమిళనాడులో ఊళ్ల చెత్త ఎత్తే పని ఎవరి మెడకు చుట్టారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే అరుంధతీయుల ఇళ్లు మనలోనే ఉన్నాయి. ఒక యంత్రం ఇంకో ఐదేళ్లు నడిస్తే ఆ పొగ ఐదేళ్లు వెనక్కి పోతుంది. ఎప్పటికైనా పారేయక తప్పదు. అప్పుడు పాత సామాన్ల బండికి వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల కింద రిజిస్టరైన రీసైక్లర్లకే ఇవ్వండి.

ఇప్పుడు అసలు సంగతి. ఒకసారి నేను పాత హార్డ్‌డిస్క్ ఒకటి కొన్నాను. ఖాళీది అని అమ్మారు. మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపితే ఏదో ఆఫీసు జీతాల పట్టికలు బయటపడ్డాయి. పేర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు అన్నీ ఉన్నాయి. డిలీట్ అంటే చెరిపేయడం కాదు. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు, పేజీలు అలాగే ఉంటాయి. ఆ డిస్క్ మొత్తాన్ని తిరగరాసి చెరిపాను. అప్పటినుంచి నా పద్ధతి ఏమిటంటే, యంత్రం పాతది తీసుకుంటాను, డిస్క్ మాత్రం కొత్త ఎస్‌ఎస్‌డీ వేస్తాను. ఫ్యాన్లు, దుమ్ము, సీమోస్ బ్యాటరీ చూసుకుంటాను.

ఆ రోజు నాకు భయం వేసింది ఆ ఆఫీసు గురించి కాదు, మన గురించి. సర్వర్ రాగానే ఎవరో ఒకరు "బాప్తిస్మాల రిజిస్టరు కూడా ఎక్కించేద్దాం" అంటారు. ఆగండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. ఇక్కడ మనవాళ్లు బీసీ జాబితాలో ఉన్నారు, ఆంధ్రలో బీసీ-సీ కింద ఒక శాతం. ఆ అన్యాయం మీద పోరాటం వేరే సంగతి. అది తేలేదాకా, మన రిజిస్టరులోని ఒక్క వరుస ఒక చెల్లెలి ఉద్యోగం మీదికి రావొచ్చు. ఆమె అనుమతి లేకుండా ఆ వరుసను నెట్‌వర్క్‌లో పెట్టే హక్కు పాస్టరుగారికీ లేదు, కంప్యూటర్ తెలిసిన మీకూ లేదు.

అలాగని కాగితాలు దాచకుండా ఉండలేం. 2012 నవంబర్ 7న ఏం జరిగిందో ఈ జిల్లాలో మర్చిపోయినవాళ్లు లేరు. ఒక కులాంతర వివాహం పేరు చెప్పి నత్తం, కొండంపట్టి, అన్నానగర్ దళిత కాలనీల మీద పడ్డారు. 250కి పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. ఇళ్లతోపాటు చదువుల సర్టిఫికెట్లు, రేషన్ కార్డులు కాలిపోయాయి. ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు. సర్టిఫికెట్ కోసం ఎన్ని ఆఫీసుల గడప తొక్కాలో తిరిగినవాళ్లకే తెలుసు.

కాబట్టి నేను చెప్పేది ఇదీ. డిజీలాకర్‌లో వచ్చే సర్టిఫికెట్లు అందులోనే పెట్టుకోండి. పాత పట్టాలు, టీసీలు, వాయిదాల కాగితాలు మీ ఫోనుతోనే స్కాన్ చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి, ఆ తర్వాతే చర్చి పెట్టెలోకి ఎక్కించండి. తాళం ఆ కుటుంబం దగ్గరే ఉండాలి. పెట్టె ఎవరు ఎత్తుకుపోయినా అందులో కనబడేది అర్థంలేని అక్షరాలే కావాలి. ఫైళ్ల మీద ఎవరి పేరూ రాయకండి, నంబర్లు చాలు. రెండో నకలు ఇంకో ఊళ్లో, హొసూరులోనో సేలంలోనో ఉంచండి. ఒకే గదిలో రెండు డిస్కులు ఉంటే నిప్పుకు రెండూ ఒకటే. పాస్‌వర్డ్ మరిచిపోతే తెరవడం నా వల్ల కూడా కాదు. అమ్మమ్మలకు ఈ మాట రెండుసార్లు చెప్పండి, కాగితం మీద రాసి బైబిల్ సంచిలో కాకుండా ఇంకెక్కడైనా దాచమనండి. బైబిల్ సంచి అందరికీ తెలిసిన చోటు!

చివరగా ఒక మాట. అప్‌డేట్లు చేసే మనిషి పేరు ఇప్పుడే తేల్చుకోండి. వారానికి ఒక గంట పని. ఆ మనిషి పెళ్లయి వేరే ఊరు వెళ్తే పని ఎవరిదో కూడా రాసుకోండి. మనిషి దొరక్కపోతే పెట్టె కొనకండి.

నేను తెచ్చిన చిన్న డెస్క్‌టాప్ ఆ బల్ల మీద ఉంది, మూత విప్పి పెట్టాను. వచ్చి చూడండి. ప్రశ్నలు తమిళంలో అడిగినా సరే.