క్రొత్త సారథులు, మారిన పెద్దరికము

మదనపల్లె మార్కెట్టులో టొమాటో పెట్టెలు నింపుకొని రాత్రివేళ లారీ బయలుదేరును. డ్రైవరు ప్రక్కన క్లీనరు కుఱ్ఱవాడు కూర్చుండును. ఆగినచోట చక్రమునకు రాయి వేయుట, అద్దము తుడుచుట, డ్రైవరునకు కునుకు పట్టకుండ మాటలాడుచుండుట వాని పని. కొన్ని యేండ్లు గడచిన పిమ్మట, బాట చదునుగను బండి ఖాళీగను ఉన్న యొకనాడు, డ్రైవరు వానితో “ఏదీ, నీవు పట్టుము, చూతము” అనును. ఆ మాట ఎప్పుడనవలెను? అన్న తరువాత వాడు తడబడినచో నేమి చేయవలెను? నేటి ప్రసంగమునకు విషయము ఈ రెండు ప్రశ్నలే. ఉదాహరణములను మాత్రము దూరదేశపు మోటారు పందెముల నుండి తెచ్చుచున్నాను. అచ్చట తప్పొప్పులు గడియలలో తేలిపోవును గనుక మనకు పాఠము స్పష్టముగా కనబడును.

ఫార్ములా వన్ అను పందెములు లోకములో నన్నిటికంటె పెద్దవి. 2025లో 10 జట్లు, 20 మంది సారథులు, 24 పందెములు. బండ్లు గంటకు 300 కిలోమీటర్లు మించి పరుగెత్తును. ఇవి మనకు బొత్తిగా పరాయివి కావు. 2011 మొదలు 2013 వరకు మూడేండ్లు ఢిల్లీ సమీపమున ఈ పందెములు జరిగినవి. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదు హుస్సేను సాగరపు టొడ్డున విద్యుత్తుతో నడచు బండ్ల పందెము జరిగెను.

ఢిల్లీలోని మూడు పందెములను గెలిచిన సెబాస్టియన్ వెటెల్, రెడ్ బుల్ జట్టువాడు. పానీయములమ్ము నొక కంపెనీ 2004లో ఒక పాత జట్టును కొని దీనిని నిలబెట్టెను. 2005 ఆరంభమున దానికి క్రిస్టియన్ హార్నర్ అను 31 ఏండ్ల వానిని పెద్దగా నియమించిరి. ఆనాటి జట్టు నాయకులలో అతడే పిన్నవాడు. అతని పెద్దరికమున వెటెల్ 2010 నుండి నాలుగేండ్లును, మాక్స్ వెర్‌స్టాపెన్ 2021 నుండి నాలుగేండ్లును ప్రపంచ విజేతలైరి. 2023లో జరిగిన 22 పందెములలో 21 ఈ జట్టే గెలిచెను. చిన్నవానికి పగ్గములిచ్చుటయే ఆ యింటి పునాది యని దీనివలన తెలియును. వెర్‌స్టాపెన్ ఈ పందెములకు వచ్చునప్పటికి 17 ఏండ్లవాడు. 2016 మే నెలలో వానిని పెద్ద జట్టులోనికి తెచ్చిరి. వచ్చిన మొదటి పందెమే గెలిచెను. అతని తరువాత, 18 ఏండ్లు నిండనిదే సాధారణముగా ఎవరిని అనుమతింపరాదని నియమమేర్పడెను.

అయితే ప్రతి జట్టునకు బండ్లు రెండు. మొదటి బండిని వెర్‌స్టాపెన్ తోలుచుండగా, 2019 నుండి రెండవ బండి సారథికి నిలకడ లేకపోయెను. గాస్లీకి 12 పందెములు మాత్రమే ఇచ్చి, చిన్న జట్టునకు పంపివేసిరి. ఆల్బన్ వచ్చెను, పోయెను. పెరెజ్ నాలుగేండ్లుండి పోయెను. 2025లో లియాం లాసన్ అను 23 ఏండ్ల న్యూజీలాండు యువకుడు వచ్చెను. మొదటి పందెమున వానలో జారి గోడకు తగిలెను. రెండవ పందెమునకు అందరికంటె వెనుకనుండి బయలుదేరవలసి వచ్చెను. అంతే. మూడవ పందెమునకు ముందే, మార్చి 27న, వానిని తప్పించి జపాను దేశీయుడైన త్సునోడాను కూర్చుండబెట్టిరి. ఏడాది ముగియునప్పటికి ఆ త్సునోడాకును స్థానము లేకపోయెను.

ఇచ్చట మనము తొందరపడి తీర్పు చెప్పరాదు. అంత వేగమున పొరపాటు ప్రాణముమీదికి వచ్చును. వందలమంది శ్రమ ఆ బండిమీద నున్నది. పనికిరానివానిని దయతో నుంచుట ధర్మము కాదు. ఇది నిజము. కాని యొక దుక్కిలో వరుసగా ఐదు కోడెలు మెడ వాల్చినచో, తెలిసిన రైతు కోడెలను మార్చుట మాని కాడిని తడవి చూచును. ఆ బండి వెర్‌స్టాపెన్ చేతితీరునకు అమరినదనియు, తక్కినవారికది లొంగుట కష్టమనియు పరిశీలకులు పలుమారు చెప్పిరి. బండి ముందుభాగము చేతి కదలికకు మించిన చురుకుతనముతో తిరుగునని ఆల్బనే వివరించెను. ఒంగోలు గిత్త కొలతకు చెక్కిన కాడిని పుంగనూరు కోడె మెడపై వేసి, అది నిలువలేదని నిందించిన నేమి లాభము? పుంగనూరు పశువు పొట్టిది. దాని గుణము వేరు, దాని పని వేరు.

తప్పింపబడినవారు నిజముగా పనికిరానివారా? గాస్లీ 2020 సెప్టెంబరు 6న ఇటలీ పందెమును ఆ చిన్న జట్టు బండితోనే గెలిచెను. లాసన్ 2025 సెప్టెంబరులో బాకూ నగరమున ఐదవవాడుగా వచ్చెను. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి మీరే యోచింపుడు.

ఇక మఱియొక జట్టు నడవడి వినుడు. మెర్సిడెస్ జట్టు ఆంటొనెల్లి అను ఇటలీ బాలుని పెంచుచుండెను. 2024 ఆగస్టు 30న, స్వదేశీయుల యెదుట, వానికి సాధనకై బండి నిచ్చిరి. పది నిమిషములైనను గడువకముందే వాడు దానిని గోడకు కొట్టెను. ఆ రాత్రి ఆ పిల్లవాని మనస్సెట్లుండెనో తండ్రులైన మీరూహింపగలరు. మఱునాడే ఆ జట్టు, “వచ్చు సంవత్సరము మా సారథి ఇతడే” అని లోకమునకు ప్రకటించెను. వానికప్పటికి 18 ఏండ్లు నిండి వారము కాలేదు. 2025 జూనులో కెనడా పందెమున వాడు మూడవవాడుగా వచ్చెను. నడుమ కొన్నాళ్లు వెనుకబడెను. అయినను వానిని తొలగింపలేదు. నవంబరులో బ్రెజిలు పందెమున రెండవ స్థానము పొందెను.

ఆ 2025 మార్చి 16నాడే మెల్బోర్ను నగరమున జరిగిన యొక చిన్న సంఘటన ఈ పందెములన్నిటికంటె నాకు గొప్పదిగా తోచుచున్నది. ఇజాక్ హజార్ అను 20 ఏండ్ల ఫ్రెంచి యువకునకు అది మొదటి పందెము. పందెము మొదలు కాకముందే, బండ్లు మెల్లగా వరుసకు వచ్చు చుట్టులోనే, తడిబాటపై వాని బండి జారి గోడకు తగిలెను. వాడు కన్నీరు మున్నీరై తిరిగి నడచివచ్చుచుండెను. అప్పుడొక పెద్దమనిషి ఎదురేగి వానిని కౌగిలించుకొని ఓదార్చెను. ఆయన వాని తండ్రి కాడు, వాని జట్టువాడును కాడు. ఏడుమారులు ప్రపంచ విజేతయైన లూయిస్ హామిల్టన్ తండ్రి ఆంటొని హామిల్టన్. తన కుమారునితో పోటీపడు పిల్లవానికి ఆయన భుజమిచ్చెను. అదే ఏడాది ఆగస్టు 31న హజార్ నెదర్లాండ్సు పందెమున మూడవ స్థానమున నిలిచెను. 2026 సంవత్సరమునకు రెడ్ బుల్ రెండవ బండి వానికే దక్కెను.

ఇంతలో ఆ జట్టు పెద్దరికమే మారెను. 20 ఏండ్లు నడిపిన హార్నరును 2025 జూలై 9న తొలగించి, తమ చిన్న జట్టును నడుపుచున్న లొరాన్ మెకీసును తెచ్చిరి. ఆగస్టు నెలాఖరున వెర్‌స్టాపెన్ అగ్రస్థానమున నున్నవానికంటె 104 పాయింట్లు వెనుకనుండెను. సంవత్సరాంతమున ప్రథమస్థానమును 2 పాయింట్ల తేడాతో మాత్రమే పోగొట్టుకొనెను. ఇదంతయు క్రొత్త పెద్ద మహిమ యనుట సాహసము. పాత పెద్ద కూర్చిన మనుష్యులును, సామగ్రియు అచ్చటనే యుండెను గదా. పాతవాడు కూర్చిపోయిన దానిని క్రొత్తవాడు పాడుచేయక వాడుకొనెను. వారసత్వమనగా నిదియే.

మన ప్రాంతపు బిడ్డ కథయు ఒకటి చెప్పవలెను. కోయంబత్తూరు వాడైన నారాయణ్ కార్తికేయన్, మదరాసు చెంత శ్రీపెరుంబుదూరు బాటపై చేయి తిప్పుకొని, 2005 మార్చి 6న ఈ పందెములలో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యెను. అతడు చేరిన జోర్డన్ జట్టును స్థాపకుడు ఆ జనవరిలోనే అమ్మివేసియుండెను. ఆ జట్టు సారథులిద్దరును క్రొత్తవారు, యజమానియు క్రొత్తవాడు. జూను 19న అమెరికాలో, ఒక కంపెనీ టైర్లు అపాయకరములని తేలగా 14 బండ్లు తప్పుకొనెను, మిగిలిన ఆరింటిలో కార్తికేయన్ నాలుగవ స్థానము పొంది 5 పాయింట్లు సంపాదించెను. అయినను మఱుసటి ఏడు జట్టు పేరు మారగా అతనికి స్థానము లేదు. యజమానులు మారునపుడు మొదట కదలునది కడపటివాని పీట. ఆ జట్టు పిమ్మట మన దేశపు యజమాని చేతికి వచ్చి 2008లో ఫోర్స్ ఇండియా యయ్యెను. 2021 నుండి ఆస్టన్ మార్టిన్ అను పేర నున్నది. పేర్లెన్ని మారినను, ఇంగ్లండులోని సిల్వర్‌స్టోనే దాని నిలయము.

పెద్దలారా, ఈ కథలు మనకేల? కుప్పము స్టేషనులో బెంగుళూరు రైలెక్కు యువకుల నడుగుడు. కొందఱు కూలి యెక్కువని పోవుచున్నారు. కొందఱు మాత్రము, “ఇంట నా మాటకు విలువ లేదు, ముప్పదియేండ్లు వచ్చినను మా నాయన పాసుపుస్తకము ముట్టనీయడు” అని పోవుచున్నారు. మఱికొందఱకు తండ్రి పెత్తనమిచ్చును. వాడు టొమాటో ధర పడిపోయిన యేడు నష్టపడగానే, పదిమందిలో దూషించి మరల లాగుకొనును. ఈ రెండవ గాయము మొదటిదానికంటె లోతైనది.

కోడెను మరపునపుడు మన తాతలు చేసినదేమి? ఆరితేరిన యెద్దు ప్రక్కన కట్టిరి. మొదట మెత్తని నేలలో నడపిరి. చాలు వంకరపోయిన దినమున ములుకోల పక్కన పెట్టి, మఱునాడు మరల కట్టిరి. అనగా పగ్గములిచ్చుటకు ముందే గడువు చెప్పవలెను. గడువులోపల తప్పు జరిగినచో కాడిని కూడ పరీక్షింపవలెను. గడువు తీరిన పిమ్మట నిజముగా తగడని తేలినచో, మర్యాదతో, వానికి తగిన వేఱు పని చూపవలెను. ఇవి మనకు క్రొత్త నీతులు కావు. పశువు విషయమున పాటించి, బిడ్డ విషయమున మఱచినవి.

పగ్గములు విడుచుటయు నొక విద్య. పట్టుట నేర్చినవారందఱు దానిని నేర్వరు. నేడో రేపో మన చేతులు వాటిని విడువక తప్పదు. విడుచునాటికి ప్రక్కన నొక చేయి సిద్ధముగా నుండునట్లు చూచుకొనుట మన పని. ఆ చేయి మొదటినాడు వణకినచో, ఎదురేగి భుజముపై చేయి వేయు పెద్ద యొక్కడైనను ప్రతి గ్రామమున నుండుగాక.