నాటకరంగమునుండి వెండితెరకు: టి. కృష్ణ

చలనచిత్రము ధనముతోను, యంత్రములతోను పనిగల కళ. దానిని నేర్వదలచినవాడు చెన్నపట్టణపు స్టూడియోలలో ఏండ్లతరబడి శుశ్రూష చేయవలెననియో, 1960లో పూనాలో వెలసిన ఫిల్ము విద్యాలయమునకు పోవలెననియో తలచుట సహజము. కాని ఒంగోలు ప్రాంతమున టంగుటూరు చెంత 1950లో జన్మించిన టి. కృష్ణకు తొలి బడి ప్రజల నాటకరంగము.

ఆ బడి ఎట్టిదో తెలియుటకు ఆ నేలను తలచుకొనవలెను. గుంటూరు, ప్రకాశం జిల్లాలు పత్తికిని, మిరపకును, పొగాకునకును పేరువడినవి. పంట చేతికి వచ్చువరకు అప్పు, వచ్చిన పిమ్మట ధరను గూర్చిన చింత: ఇది ఇచ్చటి రైతు కథ. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఇట్టి కథలనే పల్లెల ముంగిట ప్రదర్శించినది. పొన్నెకల్లు నాజరు బుర్రకథ వినిపించిన సంప్రదాయ మిది. మాట మనసును తాకకున్నచో చుట్టును కూర్చున్న జనము మొగమాటము లేక లేచిపోవుదురు. అంతకు మించిన పరీక్ష ఏ విద్యాలయమునను లేదు.

ఆ మండలిలో పనిచేసిన కృష్ణ, మిత్రుడు పోకూరి బాబూరావు ‘ఈతరం’ సంస్థ పక్షమున నిర్మించిన ‘నేటి భారతం’ చిత్రముతో 1983లో దర్శకుడయ్యెను. పిదప ‘దేశంలో దొంగలు పడ్డారు’, ‘దేవాలయం’, ‘వందేమాతరం’, ‘ప్రతిఘటన’, ‘రేపటి పౌరులు’ వెలువడినవి.

వీనిలో 1985 నాటి ‘ప్రతిఘటన’ విశేషముగా పేర్కొనదగినది. కన్నులయెదుట జరిగిన హత్యకు సాక్ష్యము పలికిన అధ్యాపకురాలిని దుండగుడొకడు నడివీధిలో అవమానించును. ఆమె కళాశాలకు మరలి వచ్చునప్పటికి విద్యార్థులే నల్లబల్లపై పరిహాస చిత్రము గీసియుందురు. ఆమె వారిని దండింపక, తల్లివలె నిలదీయును. ఈ ఘట్టమున యంత్రచమత్కారముతో పనిలేదు. ఒక గది, ఒక స్త్రీ, తలవంచిన యువకులు. వేటూరి రచనయు, చక్రవర్తి సంగీతమును, ఎస్. జానకి గానమును, విజయశాంతి అభినయమును అందు ఏకమైనవి. నాటకరంగము నేర్పిన విద్య ఇదియే.

కృష్ణ చిత్రములలో ఉపన్యాసము హెచ్చని కొందరందురు. అందు నిజము లేకపోలేదు. కడపట ఆ అధ్యాపకురాలు దుండగుని గొడ్డలితో హతమార్చుట న్యాయమా యనియు అడుగుదురు. హత్యను చూచిన ఊరంతయు నోరు మెదపనప్పుడు చట్టము ఒక్కతెకు ఎట్లు తోడురాగలదు? ఈ ప్రశ్నను ప్రేక్షకుడు తన యింటికి మోసికొనిపోవలెననియే దర్శకుని ఉద్దేశమని తోచును.

1986లో, 36 ఏండ్ల ప్రాయముననే కృష్ణ కన్నుమూసెను. దర్శకుడుగా ఆయనకు దక్కినవి నాలుగేండ్లే. సాధనములు లేవని వెనుదీయు యువకులకు ఆ నాలుగేండ్లు ఒక్క మాట చెప్పుచున్నవి: ముందు మనుష్యుల నెరిగినవాడు, పిదప యంత్రమును ఎరుగగలడు.