మన పిల్లలు విమానం నడపగలరా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ‘విద్య - ఉపాధి’ అనే విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. ఆ పేరుతో ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం. అందుచేత ఈసారి ఒకే ఒక్క ఉద్యోగం తీసుకుని దాని మంచిచెడ్డలు మీ ముందు పెడతాను. విమానం నడిపే ఉద్యోగం. నవ్వకండి. ఈ మాటకు నవ్విన మొదటివాణ్ణి నేనే. ఆ సంగతే ముందు మనవి చేసుకుంటాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎనిమిదో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. తండ్రికి సైకిళ్ళ రిపేరు కొట్టు. లెక్కల నోటు పుస్తకం చివరి పేజీల నిండా విమానాలు గీసేవాడు. ఒకరోజు క్లాసులో లేచి, “సర్, పైలట్ అవ్వాలంటే ఏం చదవాలి?” అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు తెలియదండి. తెలియదు అని చెప్పడానికి నామోషీ. “ముందు మీ నాన్న కొట్లో పంక్చరు వెయ్యడం నేర్చుకోరా” అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. పదో తరగతిలో లెక్కల్లో 81 మార్కులు తెచ్చుకున్నాడు, ఆ తర్వాత చదువు మానేశాడు.

ఇప్పుడు గల్ఫులో ఒక విమానాశ్రయంలో సామాన్ల ట్రాక్టరు నడుపుతున్నాడు. రెండేళ్ళ క్రితం సెలవు మీద వచ్చి మా ఇంటికి ఖర్జూరం పొట్లం తెచ్చాడు. “సర్, రోజూ విమానం రెక్క కిందే నిలబడతాను” అన్నాడు. సంతోషంగానే అన్నాడు. నాకు మాత్రం ఆ ఖర్జూరం గొంతు దిగలేదు.

వాడి కూతురు ఇప్పుడు మా బడిలోనే ఎనిమిదో తరగతి. ఈ జులైలో ఆ పిల్ల లేచి అదే ప్రశ్న వేసింది. “వారం రోజులు గడువియ్యమ్మా” అన్నాను. వారం కాస్తా నెలన్నర అయింది. నేను తెలుసుకున్నది మీకూ చెబుతున్నాను.

మన ఇళ్ళలో ఈ మాట ఎత్తగానే ముందు వచ్చే జవాబు, “మన పేరు చూసి ఎవడిస్తాడండీ విమానం?” అని. ఈ భయం గాలిలోంచి పుట్టింది కాదు గనక దాన్ని కొట్టిపారెయ్యను. కాని చరిత్ర ఏమంటోందో చూడండి. హైదరాబాదులో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వైమానిక దళంలో చేరారు. దేశ విభజన నాడు తోటి అధికారులు అటు రమ్మన్నా వెళ్ళక ఇక్కడే ఉండిపోయారు. 1950లో మొదటి రిపబ్లిక్ దినోత్సవాన ఢిల్లీ మీదుగా ఎగిరిన యుద్ధ విమానాలకు ముందు నడిచింది ఆయనే. 1978 నుంచి 1981 వరకు భారత వైమానిక దళానికి అధిపతి. 2018లో హైదరాబాదులోనే కన్నుమూశారు. మన పాఠ్య పుస్తకంలో ఈ పేరు నేను చూడలేదు, మన పిల్లలకు మనమూ చెప్పలేదు.

ఆడపిల్లల సంగతి కూడా హైదరాబాదుతోనే ముడిపడి ఉంది. ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ 1947లో లైసెన్సు సంపాదించి ఎనిమిది విమాన కంపెనీలకు దరఖాస్తు పెట్టుకుంటే, ఆడది నడిపే విమానం ఎవరెక్కుతారని ఎనిమిదీ కాదన్నాయట. చివరకు ఉద్యోగమిచ్చింది నిజాం ప్రభుత్వానికి వాటా ఉన్న డెక్కన్ ఎయిర్‌వేస్. ఆ కంపెనీ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఇవాళ మన దేశ పైలట్లలో సుమారు 15 శాతం ఆడవాళ్ళు. ప్రపంచ సగటు 5 శాతం చిల్లర. ఉర్దూ కథలు చదివేవారికి హిజాబ్ ఇంతియాజ్ అలీ పేరు తెలిసే ఉంటుంది. హైదరాబాదులోనే పుట్టిన ఆ రచయిత్రి 1936లో లాహోరులో విమానం నడిపే లైసెన్సు తీసుకున్నారు. ఆవిడ కథల్ని నేను ఇన్నేళ్ళుగా చదువుతున్నాను, చెబుతున్నాను. ఈ ముక్క మాత్రం ఈ మధ్యనే తెలిసింది.

పేరు చూసి, రంగు చూసి ఆపడం అంటే ఏమిటో అమెరికా నల్లజాతివారిని అడగాలి. మార్లన్ గ్రీన్ అనే ఆయన వాళ్ళ వైమానిక దళంలో పనిచేసి వచ్చిన పైలట్. 1957లో కాంటినెంటల్ అనే కంపెనీకి దరఖాస్తు పెడుతూ, ‘జాతి’ అన్న గడి ఖాళీగా వదిలేశాడు, ఫొటో జతపరచలేదు. పిలుపు వచ్చింది. మనిషిని చూశాక ఉద్యోగం రాలేదు. ఆయనకన్నా తక్కువ గంటలు ఎగిరిన తెల్లవాళ్ళకు వచ్చింది. ఊరుకోలేదు, కోర్టుకెక్కాడు. 1963లో అక్కడి సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 1965లో అదే కంపెనీలో చేరి 1978 దాకా విమానాలు నడిపాడు. ఎనిమిదేళ్ళు నిలబడ్డాడు గాని, నిలబడటానికి చేతిలో లైసెన్సు ఉంది చూడండి. మన పిల్లలు ఆ కంపెనీ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావడం లేదు. పదో తరగతి దగ్గరే ఆగిపోతున్నారు. ఆపేవాళ్ళలో నాలాంటి మాస్టర్లు ఉన్నారు.

ఇక అసలు అడ్డంకులు చెబుతాను.

మొదటిది భాష. మాది ఉర్దూ మీడియం. మా పిల్లకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఇంగ్లీషు పరీక్ష కోసం మాత్రమే. పైలట్‌కు ఇంగ్లీషు తప్పదు, ఆ పరీక్ష వేరే ఉంటుంది కూడాను. కాని అది దొరల ఇంగ్లీషు అనుకోకండి. విమానం రేడియోలో అన్ని దేశాలవాళ్ళూ మాట్లాడతారు గనక మాట పొరబడకుండా అంకెల ఉచ్చారణనే మార్చుకున్నారు. త్రీ అనరు, ట్రీ అంటారు. ఫైవ్‌కు ఫైఫ్, నైన్‌కు నైనర్. మన పిల్లవాడు ‘ట్రీ’ అంటే ఇన్‌స్పెక్టరుగారు నవ్వుతారుగాని ఆకాశంలో అదే సరైన మాటండీ! బెస్సీ కోల్‌మన్ అని ఒక నల్లజాతి అమ్మాయి, కౌలు రైతుల బిడ్డ, షికాగోలో గోళ్ళు తీర్చే పని చేసుకునేది. అమెరికాలో ఏ బడీ చేర్చుకోకపోతే ఫ్రెంచి నేర్చుకుని ఫ్రాన్సు వెళ్ళి 1921లో లైసెన్సు తెచ్చుకుంది. ఆవిడ ఇంకో దేశపు భాష నేర్చుకుని వెళ్ళింది. మనకు కావలసిన ఇంగ్లీషు మన బడిలోనే ఒక సబ్జెక్టు.

రెండోది లెక్కలు. ఇంటర్‌లో మాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పది కాగానే “తేలికైన గ్రూపు” అని వేరే వాటిల్లో చేరిపోతారు. అక్కడితో ఈ దారి మూసుకుపోతుంది. లెక్కలు అంటే భయపడేవారికి ఒక్కటి చెబుతాను. కోటిపల్లి రేవులో పంటు ఎక్కారు గదా? నీటి వాలు గట్టిగా ఉన్నప్పుడు నడిపేవాడు ముక్తేశ్వరం రేవు వైపు సూటిగా ముక్కు పెట్టడు. కాస్త ఎగువకు పెడతాడు, నీరు తోసి తోసి రేవులోకే తెస్తుంది. విమానానికి నీటి బదులు గాలి. ఎంత ఎగువకు పెట్టాలో త్రిభుజం గీసి లెక్క కట్టడమే నావిగేషన్ పేపరులో ముఖ్యమైన పాఠం. దిశ ఒక్క డిగ్రీ తప్పితే 60 మైళ్ళకు ఒక మైలు పక్కకు పోతారు. అంటే రాజమండ్రి నుంచి హైదరాబాదుకు సుమారు 360 కిలోమీటర్ల ఆకాశమార్గంలో 6 కిలోమీటర్లు. నేను ఇది తొమ్మిదో తరగతిలో చెప్పాను. ముక్కోణాల పాఠం అంత నిశ్శబ్దంగా విన్న రోజు లేదు.

మూడోది డబ్బు. దీన్ని దాచిపెట్టి మాట్లాడటం మోసం అవుతుంది. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్ళు నిండాలి, 200 గంటలు ఎగరాలి, పేపరుకు 70 శాతం మార్కులు రావాలి. ఆ 200 గంటల ఖర్చు ఇవాళ సుమారు 50 లక్షలు, పైనే గాని కిందికి లేదు. తర్వాత కంపెనీ నడిపే పెద్ద విమానం మీద విడిగా శిక్షణ, దానికి మళ్ళీ లక్షలు. హైదరాబాదు పాతబస్తీలో బేకరీ పనివారి అమ్మాయి సయ్యదా సల్వా ఫాతిమా గారి కథ పత్రికల్లో మీరు చదివే ఉంటారు. ఎంసెట్ కోచింగులో ఏమవుతావని అడిగితే పైలట్ అన్నదట. ‘సియాసత్’ పత్రిక సంపాదకులు జాహిద్ అలీ ఖాన్ గారు పూనుకుని 2007లో ఏవియేషన్ అకాడమీలో చేర్పించారు. లైసెన్సు వచ్చింది. వచ్చాక పెద్ద విమానం శిక్షణకు డబ్బు లేక ఆగిపోతే, తెలంగాణ ప్రభుత్వం 35 లక్షల పైచిలుకు మంజూరు చేసింది. అందరూ మొదటి సగం చెప్పి చప్పట్లు కొడతారు. లైసెన్సు చేతికొచ్చాక కూడా ఆగవలసి వచ్చిందన్న రెండో సగమే మనం గుర్తు పెట్టుకోవాలి.

ఉద్యోగాలున్నాయా అంటే, ఉన్నాయి. 2023లో ఒక్క ఇండిగోయే 500, ఎయిర్ ఇండియా 470 విమానాలకు ఆర్డరు పెట్టాయి. వచ్చే 10, 15 ఏళ్ళలో 30,000 మంది పైలట్లు కావాలని ప్రభుత్వమే అంటోంది. కాని 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ మూతపడ్డాయి. మూతపడిన ప్రతిసారీ అనుభవం ఉన్నవాళ్ళు బజారున పడతారు, కొత్తవాళ్ళ వంతు వెనక్కి పోతుంది. 2023లో మన దేశంలో 1,622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చారు. అందరికీ ఆ ఏడే ఉద్యోగం దొరుకుతుందా? కంపెనీలన్నీ దాదాపు ప్రైవేటువి, ఎయిర్ ఇండియా కూడా 2022లో టాటాల చేతికి వెళ్ళింది. మన బి.సి.-ఇ రిజర్వేషను కాలేజీ సీటుకు పనికొస్తుందిగాని అక్కడ పనికిరాదు. కనుక ఉన్న ఇల్లు అమ్మి, ఉన్న రెండు కుంచాల చేను తనఖా పెట్టి లైసెన్సు కొనవద్దని చేతులెత్తి చెబుతున్నాను. బ్యాంకు అప్పు, దాని మీద వడ్డీ విషయం మీరు ఆలిమ్‌లను అడగండి, నేను లెక్కల మాస్టర్ని. అసలు మొత్తమే భయం వేసేంత ఉంది.

అయితే పేదవాడికి దారి లేదా? ఉందండి, దాన్ని ఎవరూ చెప్పరు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ళ లోపు, ఇంటర్‌లో అవే మాథ్స్, ఫిజిక్స్. ఏడాదికి రెండుసార్లు పరీక్ష. నెగ్గితే చదువూ, విమానం నేర్పడమూ ప్రభుత్వ ఖర్చే. 2022 నుంచి ఆడపిల్లల్నీ చేర్చుకుంటున్నారు. వైమానిక దళంలో పనిచేసి వచ్చాక విమాన కంపెనీల్లో చేరినవాళ్ళు బోలెడుమంది. ఇంకా ముందే మొదలుపెట్టాలంటే సైనిక్ స్కూలు. విజయనగరం దగ్గర కోరుకొండలో ఉంది. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఉర్దూలో కూడా రాయవచ్చు! తొమ్మిదో తరగతికైతే ఇంగ్లీషులోనే. ఐదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులు ఈ ఒక్క మాట ఇంటికి తీసుకెళ్ళండి.

మోటారు పని, వెల్డింగు పని వంశంలోనే ఉన్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. విమానాల మెకానిక్కు లైసెన్సుకూ ఇంటర్‌లో అవే సబ్జెక్టులు, ఖర్చు పైలట్ చదువులో కొద్ది భాగమే. డిగ్రీలో మాథ్స్, ఫిజిక్స్ చదివితే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలు ఉద్యోగాలకు కూర్చోవచ్చు. అది ప్రభుత్వ ఉద్యోగం.

ఏ దారి పట్టినా రూపాయి ఖర్చు పెట్టేముందు కళ్ళ పరీక్ష, రంగుల పరీక్ష చేయించుకోవాలి. రంగులు సరిగా కనబడని పిల్లవాణ్ణి రెండేళ్ళు కోచింగుకు తిప్పి ఆఖర్న తెలుసుకోవడం కన్నా దుఃఖం లేదు.

ఇదంతా ఆ పిల్లకు చెప్పాను, వాళ్ళ నాన్నకు ఫోనులో చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సర్, నేను ఎంత పంపాలి?” అన్నాడు. ఇప్పుడేమీ పంపనక్కర్లేదు, నాలుగేళ్ళు లెక్కలు నా పూచీ అన్నాను. పాత సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. పోయిన వారం రాజమండ్రిలో రంగుల పరీక్ష అయింది. పిల్లకు కళ్ళు బాగున్నాయి.

సంఘం వారికి నా మనవి ఒకటుంది. మీరు ఏటా నోటు పుస్తకాలు పంచుతున్నారు, సంతోషం. వచ్చే ఏడు వాటితోపాటు ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు, ఇంగ్లీషు చెప్పే ఏర్పాటు చెయ్యండి. గది మా బడిలో అడుగుతాను. లెక్కలు నేను చెబుతాను, జీతం వద్దు. ఇంగ్లీషు చెప్పేవారు కావాలి. అసర్ నమాజు తర్వాత గంటసేపు, వారానికి నాలుగు రోజులు. ఈ సభలో బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు ఉన్నారు, ఇంజనీరింగు చదివి ఉద్యోగం కోసం చూస్తున్న అమ్మాయిలు కూడా ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. భోజనాల దగ్గర నేను గుమ్మం పక్కనే కూర్చుంటాను. పేర్లు రాసుకోవడానికి కాగితం, కలం తెచ్చుకున్నాను.