ఆరోగ్యవరము నుండి హెచ్.ఐ.వి. టీకా వరకు
(మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంఘముల సంయుక్త సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సభలో సంఘ చరిత్ర చెప్పుట వాడుక. మమ్ములను మాత్రము హెచ్.ఐ.వి. టీకా విషయమై మాట్లాడుమని కమిటీవారు కోరినారు. మేము వైద్యులము కాము, వేదాంత కళాశాలలో చదువుకున్నవారము. అయినను ఈ ప్రాంతములో సంఘ చరిత్రను, టీకాల చరిత్రను విడదీసి చెప్పుట కష్టము.

మదనపల్లె ప్రక్కన ఆరోగ్యవరములో పలు మిషనులు ఏకమై కట్టిన క్షయ చికిత్సాలయము 1915లో తెరవబడినది. డెన్మార్కు దేశస్థుడగు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని మొదటి వైద్యాధికారి. ఆ రోజులలో క్షయకు మందన్నది లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇంతే చికిత్స. తరువాత 1948లో మన దేశములో బి.సి.జి. టీకా మొదలుపెట్టినప్పుడు తొలి కేంద్రములలో మదనపల్లె ఒకటి. 1950 నుండి డాక్టర్ జోహానెస్ ఫ్రిమోట్ మోలర్, ఆయన తోటివారు ఈ చుట్టుప్రక్కల పల్లెలు తిరిగి, కొందరికి టీకా వేసి, కొందరికి వేయక, ఇరు పక్షములవారిని ఏళ్ల తరబడి పరీక్షించుచు వచ్చినారు. ఎవరికి క్షయ వచ్చినది, ఎవరికి రాలేదని లెక్క వ్రాసినారు. మన తాతల తరము వారు చేయి చాపి ఈయగా వచ్చిన లెక్క అది. ఏ పుస్తకములోను వారి పేర్లు లేవు.

అందరును చేయి చాపలేదనుకొనుడు. 1955లో రాజాజీ గారంతటివారు బి.సి.జి.ని వ్యతిరేకించుచు పుస్తకమే ప్రకటించినారు. ఆయన భయములన్నియు నిజము కాకపోయినను, ఆరోగ్యవంతుల దేహములో దేనినైనను ప్రవేశపెట్టు ముందు గట్టి రుజువు చూపుమనుట న్యాయమైన మాటే.

మరి రుజువు ఏమి చెప్పినది? మదనపల్లె పల్లెలలో టీకా కొంత కాపాడినట్లు కనబడినది, ఏండ్లు గడచిన కొలది ఆ బలము తగ్గినది. 1968లో చెంగల్పట్టు ప్రాంతములో రెండున్నర లక్షలకు మించిన జనముతో ఇంకను పెద్ద పరిశోధన మొదలైనది. పదునైదేండ్ల పరిశీలన ఫలితము 1999లో అచ్చయినది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. ఆపలేకపోయినది. పసిబిడ్డలకు వచ్చు మెదడు క్షయ వంటి ప్రమాదకర రూపముల నుండి అది కాపాడును గనుక, పుట్టిన బిడ్డకు టీకా వేయించుట మానరాదు. ఇక్కడ గమనింపవలసినది మరియొకటి. టీకా పొందినవారి చేతిమీద మచ్చ పడినది. చర్మపరీక్ష చేయగా దేహము టీకాను గుర్తించినదని తేలినది. గుర్తించినది గాని కాపాడలేదు. మొరిగిన కుక్కలన్నియు దొంగను పట్టవు గదా!

హెచ్.ఐ.వి. సంగతిలో ఈ భేదమే ప్రాణము. మన దేశములో ఆ వైరసు ఉన్నదని 1986లో తెలిసినది. మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్తపు నమూనాలను వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షించినారు. ఆర్కాటు మిషను బిడ్డయైన ఐడా స్కడ్డర్ స్థాపించిన ఆ ఆసుపత్రికి మన ఊళ్ల నుండి వెళ్లని కుటుంబము అరుదు. ఆ పరీక్ష వెదకినది వైరసును కాదు, వైరసును చూచి దేహము తయారుచేసిన ప్రతిరక్షకములను. అందుచేతనే కొందరు మమ్ములను, “అయ్యగారూ, ప్రతిరక్షకములున్నవని రిపోర్టు వచ్చినది, అంటే దేహము జయించినట్లే గదా?” అని అడుగుదురు. కాదు. అవి ఉండుట వైరసు లోపల ఉన్నదనుటకు సాక్ష్యమే గాని దానిని ఓడించినదనుటకు కాదు.

ఏ ప్రతిరక్షకము కాపాడును? వైరసు మన తెల్లకణములోనికి దూరుటకు వాడుకొను తాళపుచెవి పండ్లకు మైనము పూసినట్లు అతుక్కొని, దానిని పనికిరాకుండ చేయునదే కాపాడును. శాస్త్రజ్ఞులు దీనిని వైరసును నిర్వీర్యము చేయు ప్రతిరక్షకమందురు. చిక్కేమనగా ఈ వైరసు తన పైపొరను చక్కెర కణములతో కప్పుకొనును. తన ప్రతులను తప్పులతో వ్రాసుకొనుచు దినదినము రూపు మార్చును. నిన్నటి రూపమును పట్టు ప్రతిరక్షకము నేటి రూపమును పట్టదు. పైగా కొలది దినములలోనే మన కణముల జన్యువులలో తన ప్రతిని దాచిపెట్టును. కొద్దిమంది రోగులలో కొన్నేండ్లకు బహురూపములను పట్టగల ప్రతిరక్షకములు పుట్టును గాని, అప్పటికి వారిలోని వైరసు వేరు రూపు దాల్చియుండును.

కోవిడ్ టీకా ఒక్క ఏడాదిలో వచ్చినది, దీనికి నలుబదేండ్లు చాలలేదా అని పుంగనూరు యువకులు అడిగినారు. మంచి ప్రశ్న. కోవిడ్ సోకినవారిలో అత్యధికుల దేహము దానిని తానే వెళ్లగొట్టినది. టీకా చేయువారికి అనుసరించుటకు ఒక దారి కనబడినది. హెచ్.ఐ.వి.ని సహజముగా వెళ్లగొట్టిన దేహములు లోకములో వ్రేళ్లమీద లెక్కింపదగినవి. దేహము చూపని దారిని మనుష్యులు త్రవ్వవలసియున్నది.

ఆ త్రవ్వకములో ఓటములే ఎక్కువ. 2003లో ముగిసిన రెండు పెద్ద పరీక్షలలో ప్రతిరక్షకములు పుట్టినవి, రక్షణ కలుగలేదు. 2007లో కణముల బలమును పెంచు టీకాయు విఫలమైనది. 2009లో థాయిలాండులో 16 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో మాత్రము 31 శాతము రక్షణ కనబడినది. అదే ఆశతో దక్షిణాఫ్రికాలో చేసిన పరీక్ష 2020లో ఆగిపోయినది. 2021లో ఒక పాఠము దొరికినది. నిర్వీర్యము చేయు ప్రతిరక్షకమును తయారుచేసి నరములలోనికి ఎక్కించి చూచినారు. మొత్తము మీద ఫలితము లేదు. కాని ఆ ప్రతిరక్షకమునకు లొంగు రకపు వైరసుల నుండి మాత్రము అది చాలవరకు కాపాడినది. సరియైన ప్రతిరక్షకము కాపాడగలదని ఋజువైనది. దానిని మన దేహము చేతనే పుట్టించుట ఎట్లన్నది మిగిలినది. 2022లో ప్రకటించిన చిన్న పరీక్షలో టీకా తీసుకొన్న 36 మందిలో 35 మంది రక్తమున అట్టి ప్రతిరక్షకములకు మూలమగు కణములు మేల్కొన్నవి. మొలక కనబడినది, పంట ఇంకను దూరము.

మన వైపునను పని జరిగినది. 2005లో పూణేలోను, 2006లో చెన్నైలోను తొలి పరీక్షలు మొదలైనవి. చెన్నైలో దానిని జరిపినది క్షయ పరిశోధనా కేంద్రమే. చెంగల్పట్టు పరిశోధన సాగించిన సంస్థ అదే.

అట్టి పరీక్షకు ముందుకు వచ్చువారు ఆరోగ్యవంతులు. టీకాలో బ్రతికిన హెచ్.ఐ.వి. ఉండదు గనుక దానివలన వ్యాధి సోకదు. అయినను దేహము ప్రతిరక్షకములు చేసినయెడల మామూలు పరీక్షలో ‘ఉన్నది’ అని రావచ్చును. నిజముగా వైరసు ఉన్నదో లేదో వేరొక పరీక్షతో తేల్చవలెను. పెండ్లి సంబంధము చూచువారికి, ఉద్యోగమిచ్చువారికి ఈ భేదము ఎవరు చెప్పుదురు? ఒక కాగితము చూచి ఒక బిడ్డ బ్రతుకును ఊరు తీర్పు తీర్చును. లేవీయకాండములో రోగి చర్మమును పరీక్షించి పాళెము వెలుపలికి పంపు పని యాజకునిది. పాస్టర్లము ఆ సగము పనిని నేటికిని బాగుగానే చేయుచున్నాము. అదే యాజకుడు బాగుపడినవానిని చేర్చుకొనుటకు పాళెము వెలుపలికి తానే నడచి వెళ్లవలెనని తరువాతి అధ్యాయములో ఉన్నది. ఆ అధ్యాయము మీద ప్రసంగములు తక్కువ.

స్వస్థత కూటములకు వెళ్లి మాత్రలు మానివేయువారిని గూర్చి ఒక మాట. ఏ.ఆర్.టి. మందులు 2004 నుండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. అవి క్రమముగా వాడి రక్తములో వైరసు పరీక్షకు అందనంతగా అణగియున్నవారి నుండి భార్యకు గాని భర్తకు గాని అది సోకదు. మానినచో కొలది వారములలో మరల పెరుగును. ప్రార్థన చేయుడు, మేమును చేయుదుము. మాత్రలు మానుమని చెప్పు బోధకుని మాట వినకుడి.

చివరగా కుప్పం నుండి ఒక సహోదరి చీటీ మీద వ్రాసి పంపిన ప్రశ్న. హెచ్.ఐ.వి. ఉన్నవారితో ఒకే సంస్కార పాత్రలో త్రాగవచ్చునా? త్రాగవచ్చును. ఉమ్మి ద్వారా అది సోకదు. గాలి ద్వారా సోకునది క్షయ, హెచ్.ఐ.వి. ఉన్నవారిని ఎక్కువగా పొట్టనబెట్టుకొనునదియు అదే. పాత్రను చూచి భయపడు మనము, ప్రక్క బల్లమీద నెలల తరబడి దగ్గుచున్న పెద్దాయనను ఏమియు అడుగము. రెండు వారములు మించి దగ్గు ఉన్నవారు గళ్ల పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితము. తోడు కావలసినవారు సభ ముగియగానే మాతో చెప్పుడు, సోమవారము కలిసి వెళ్లుదము.