మూర్ఛరోగి మాత్రలు – త్రాగుడు



1967లో నాగార్జున సాగర్ కాలువలకు నీరు విడిచిన నాటినుండి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు ఎడమ కాలువను నమ్ముకొని బ్రతుకుచున్నవి. నారుమడికి, పశువులకు, స్నానమునకు ఆ నీరే ఆధారము. కాని మూర్ఛరోగి ఉన్న ఇంటివారికి ఆ నీటిని చూచినంతనే గుండె గుబేలుమనును. మెట్టపొలములో ఫిట్స్ వచ్చి పడినవాడు గాయముతో లేవవచ్చును. కాలువలో పడినవాడు ఎట్లు లేచును? కనుక మాత్ర సరిగా పనిచేయుట ప్రాణముతో ముడిపడిన సంగతి. ఆ మాత్రను త్రాగుడు ఎట్లు చెరచునో నేడు మనవి చేయుదును.

ఒక రైతు ఇంటిని ఊహింతము. ఇంటి యజమాని రెండేండ్లుగా ఫెనిటాయిన్ మాత్రలు వాడుచున్నాడు. అయినను నెలకొకసారి ఫిట్స్ వచ్చుచున్నవి. “మాత్ర ఒక్కనాడు తప్పలే సారూ, ఈ మందు పడ్తలేదు” అని భార్య వైద్యునితో అనును. “తాగుతాడా అమ్మా?” అని ఆయన అడిగినపుడు, తల వంచుకొని “పండుగకో పబ్బానికో” అనును. పరువు కొరకు దాచిన ఆ ఒక్క మాటవలన మోతాదు లెక్కయే తప్పిపోవును.

మనము మ్రింగిన మందును విరిచి బయటకు పంపు పని కాలేయమునది. దానిని కాలువ తూముతో పోల్చవచ్చును. ప్రతిదినము ఏండ్ల తరబడి త్రాగువానిలో ఈ తూము అలవాటుగా ఎక్కువ తెరచుకొనును. ఫెనిటాయిన్ త్వరత్వరగా విరిగి వెడలిపోవును. పై రైతులు తూములన్నియు ఎత్తివేసినపుడు చివరి భూములకు నీరందనట్లు, మెదడుకు చాలినంత మందు అందదు.

అదే మనిషి ఒకనాడు పెండ్లిలోనో జాతరలోనో మితిమీరి త్రాగినచో వ్యవహారము తారుమారగును. ఆనాడు కాలేయము మద్యమును విరుచుటలో మునిగియుండును. మందు వెడలక నిలిచిపోవును. అడుగు తడబడును, ఒక వస్తువు రెండుగా కనబడును, మగత కమ్మును. చూచినవారు తాగిన మత్తే అనుకొందురు. అది మందు ఎక్కువైన విషలక్షణమును కావచ్చును. ఇక త్రాగి త్రాగి కాలేయము గట్టిపడినవానిలో తూమే తుప్పు పట్టినట్లగును. మునుపటి మోతాదే వానికి అతిమోతాదు కావచ్చును.

1912 నుండి మూర్ఛకు వాడుకలోనున్న ఫెనోబార్బిటోన్‌తో మరియొక చిక్కు కలదు. అదియు మద్యమును రెండును మెదడును మందగింపజేయునవే. రెండును కలిసినచో శ్వాసయే ఆగిపోవు ప్రమాదమున్నది. ఆ భయముతో కొందరు త్రాగిననాడు మాత్ర మానివేయుదురు. అదియు ఆపదయే, మానిన మాత్ర మరునాటి ఫిట్స్‌కు దారి తీయవచ్చును. ఇట్టి దినమున ఏమి చేయవలెనో వైద్యుని ముందుగనే అడిగి తెలిసికొనవలెను.

అట్లయిన త్రాగుడు నేడే మానివేయుట మేలు కదా అందురు. మానుట మేలే, కాని ఏండ్ల తరబడి ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో, సాధారణముగా 6 నుండి 48 గంటలలో, మూర్ఛ లేనివానికి సైతము ఫిట్స్ రావచ్చును. మాల ధరించి దీక్ష పట్టిన తొలి దినములలో ఇంటివారు కనిపెట్టి ఉండవలసినది అందుకే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన మద్యము దుకాణములు మూతపడినపుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇట్టివారు పెద్దసంఖ్యలో వచ్చిరి. డైజిపాం, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారికిని ఇదే గతి. 2015లో తెలంగాణలోని కొన్ని జిల్లాలలో అట్టి కల్లును అరికట్టినపుడు ఎందరో ఆసుపత్రుల పాలైరి. ఈ ఫిట్స్‌ను ఫెనిటాయిన్ ఆపజాలదు. ఆసుపత్రిలో వేరు మందులను క్రమముగా తగ్గించుచు, బి1 విటమిన్ ఇచ్చుచు మాన్పింతురు.

ఇంటిలో ఎవరికైనను ఫిట్స్ వచ్చినపుడు చేతిలో తాళపుచెవులు పెట్టుటవలన గాని, ఉల్లిపాయ వాసన చూపుటవలన గాని ప్రయోజనము లేదు. నోటిలో ఏమియు పెట్టరాదు. మనిషిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. 5 నిమిషములు దాటినను, తెలివి రాకముందే మరల వచ్చినను, నీటిలో పడినను 108కి ఫోను చేయవలెను.

ఆ రైతు భార్యవంటి తల్లులకు, చెల్లెండ్రకు ఒక మనవి. ఎంత త్రాగుచున్నాడో, ఏది త్రాగుచున్నాడో, ఎన్నడు మానినాడో వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పుడు. అది ఇంటి గుట్టు రట్టు చేయుట కాదు. రక్తపరీక్షతో మందు మట్టము చూచి, మోతాదు సరిదిద్దుటకో మందు మార్చుటకో ఆయనకు కావలసినది ఆ మాటయే. మందును మాత్రము మీ అంతట మీరు మాన్పించకుడు. మాత్ర కుదిరి ఫిట్స్ అదుపునకు వచ్చువరకు ఆయనను ఒంటరిగా కాలువకు స్నానమునకు పంపకుడు.

సెలవు.