ఉపసంపద – వయసు మళ్ళిన ఉమేదువారు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సన్యాసం పుచ్చుకోబోతున్నానని గోదావరిఖని మార్కెట్లో ఒక మాట పుట్టిందట. చౌరస్తా చేరేలోగా అది "పుచ్చుకున్నాడు" అయింది. ఎన్టీపీసీ దాకా పోయేసరికి "ఇల్లు విడిచి పోయిండు" అయింది. మొన్న మన సభ్యుడొకాయన ఫోన్ చేసి, "అన్నా, ఉన్నవా?" అని అడిగాడు. ఉన్నాను. ఈ ఏటి లైఫ్ సర్టిఫికెట్ కూడా ఇచ్చాను. నలుగురూ నాలుగు రకాలుగా అనుకునే బదులు మీరే వచ్చి చెప్పండని కార్యదర్శిగారు అన్నందున ఇక్కడ నిలబడ్డాను.

ముందుగా ఒక పొరపాటు సవరించాలి. మన బొగ్గు గనుల ప్రాంతంలో బౌద్ధం అనగానే నాగపూర్ గుర్తుకు వస్తుంది. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ అంబేద్కర్ అక్కడ కుశినగరం నుండి వచ్చిన చంద్రమణి మహాస్థవిరుని వద్ద త్రిశరణాలు, పంచశీలాలు స్వీకరించారు. అది ఉపాసక దీక్ష. ఆయన భిక్షువు కాలేదు. గృహస్థుగానే ఉన్నారు. ఇల్లు విడిచి తల గొరిగించుకుని కాషాయం కట్టడం ప్రవ్రజ్య. అప్పుడతను శ్రామణేరుడు, పది శీలాలు పాటిస్తాడు. ఆ పైది ఉపసంపద. అక్కడితో పూర్తి భిక్షువు అవుతాడు. పాళీ వినయం ప్రకారం అతనికి 227 నియమాలు. నేను మాట్లాడేది ఈ మూడవదాని గురించి.

ముప్పయ్యయిదేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు నడిపినవాణ్ణి. వినయ పిటకంలోని మహావగ్గ అనువాదం చేతికి వచ్చినప్పుడు మతగ్రంథమని భక్తిగా తెరిచాను. చదువుతుంటే నాకు మన సర్వీసు రూల్సు చదువుతున్నట్టే అనిపించింది. ఒక్కటే తేడా. మన రూల్సు పుస్తకంలో రూలు ఉంటుంది, అది ఎందుకు పుట్టిందో ఉండదు. అక్కడ ప్రతి రూలు వెనుక ఒక మనిషి కథ ఉంది.

ఉపసంపద పద్ధతి ఎలా వచ్చిందో చూడండి. తొలిరోజుల్లో బుద్ధుడు "రా భిక్షూ" అంటే చాలు, అతడు భిక్షువే. తరువాత భిక్షువులే మూడు శరణాలు చెప్పించి చేర్చుకునేవారు. రాజగృహంలో రాధుడని ఒక బ్రాహ్మణుడు ఉండేవాడు. ముసలితనంలో కన్నబిడ్డలు పట్టించుకోలేదని అట్ఠకథలు చెబుతాయి. అతను వచ్చి నన్ను చేర్చుకోండని అడిగితే భిక్షువులు ఒప్పుకోలేదు. దిగులుతో చిక్కిపోయాడు, నరాలు తేలాయి. బుద్ధుడు చూసి కారణం అడిగి, ఇతని వల్ల మీలో ఎవరికైనా మేలు జరిగిందా అన్నాడు. సారిపుత్తుడు ముందుకు వచ్చి, నేను భిక్షకు వెళ్ళినప్పుడు ఒకసారి ఈయన గరిటెడు అన్నం పెట్టించాడని చెప్పాడు. అయితే నువ్వే ఇతనికి ఉపసంపద ఇవ్వు అన్నాడు బుద్ధుడు. ఎలా ఇవ్వాలని సారిపుత్తుడు అడిగితే, అప్పుడు పుట్టింది ఇవాల్టి పద్ధతి. సంఘం ముందు ఒకసారి ప్రతిపాదన, ఆ తరువాత మూడుసార్లు ప్రకటన. ఒప్పుకున్నవారు మౌనంగా ఉండాలి, ఒప్పుకోనివారు మాట్లాడాలి. మూడోసారి కూడా ఎవరూ మాట్లాడకపోతే తీర్మానం నెగ్గినట్టే.

అంటే శతాబ్దాలుగా సింహళం, బర్మా, సయాం దేశాలలో యువకులు ఏ పద్ధతిలో భిక్షువులు అవుతున్నారో, ఆ పద్ధతి ఎవరూ వద్దన్న ఒక ముసలివాడి కోసం మొదలైంది. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి నేను రిటైరై నాలుగేళ్ళు. 2008లో యాభై ఎనిమిదేళ్ళకు ఇంటికి వచ్చాక రోజులు ఎలా గడుస్తాయో మీకు చెప్పనవసరం లేదు. పదకొండు గంటలకు పేపరు అయిపోతుంది.

ఇక ఆ సభలో అభ్యర్థిని అడిగే ప్రశ్నలు. కుష్ఠు, వ్రణాలు, చర్మరోగం, క్షయ, మూర్ఛ ఉన్నాయా? మనిషివేనా? పురుషుడవేనా? స్వతంత్రుడవేనా? అప్పులు లేవు కదా? రాజు కొలువులో లేవు కదా? తల్లిదండ్రుల అనుమతి ఉందా? ఇరవై ఏళ్ళు నిండాయా? పాత్ర, చీవరాలు ఉన్నాయా? నీ పేరేమిటి? నీ ఉపాధ్యాయుని పేరేమిటి? మనిషివేనా అని అడగడం ఏమిటని నవ్వకండి. ఒక నాగు మనిషి రూపంలో వచ్చి చేరిందని, నిద్రలో అసలు రూపం బయటపడి భిక్షువులు కేకలు పెట్టారని కథ. రాజు కొలువు సంగతి మనకు బాగా అర్థమవుతుంది. సరిహద్దులో యుద్ధానికి పొమ్మంటే బింబిసారుని సైనికులు కొందరు వచ్చి భిక్షువులైపోయారు. రాజు ఫిర్యాదు చేశాడు. సర్వీసులో ఉన్నవాణ్ణి చేర్చుకోరాదని రూలు వచ్చింది. రిటైరైనవానికి ఆ ఇబ్బంది లేదు.

ఇరవై ఏళ్ళ నిబంధన కథ మన గుమాస్తాల కోసమే రాసినట్టుంది. రాజగృహంలో ఉపాలి అనే బాలుడి తల్లిదండ్రులు, మేము పోయాక వీడు సుఖంగా ఎలా బతుకుతాడని ఆలోచించారట. రాత నేర్పితే వేళ్ళు నొప్పెడతాయి, లెక్కలు నేర్పితే ఛాతీ నొప్పెడుతుంది, నాణేల పరీక్ష నేర్పితే కళ్ళు పోతాయి. భిక్షువులు బాగా తిని హాయిగా పడుకుంటారు కాబట్టి అక్కడ చేర్పిస్తే సరి అనుకున్నారు. చాటున విన్న ఉపాలి తన స్నేహితులతో కలిసి, పదిహేడుమంది, వెళ్ళి చేరారు. తెల్లవారుజామున లేచి గంజి కావాలని, అన్నం కావాలని ఏడుపు. ఆ ఏడుపు విని బుద్ధుడు, ఆకలి, చలి, ఎండ, మాట, నొప్పి ఓర్చుకోలేని వయసులో ఉపసంపద ఇవ్వరాదన్నాడు. వేళ్ళు నొప్పెట్టడం, లెక్కలతో ఛాతీ పట్టేయడం ఏమిటో మార్చి నెలాఖరున బిల్లులు రాసినవారందరికీ తెలుసు. నా కుడిచేతి చూపుడు వేలి మీద కాయ ఇంకా ఉంది.

2012లో ఒక విహారానికి వెళ్ళి అక్కడి పెద్ద భిక్షువును అడిగాను. భంతే నన్ను కూర్చోబెట్టి ఇవే ప్రశ్నలు తీరికగా అడిగారు. రోగాల దగ్గర, కొలువు దగ్గర తలెత్తుకుని సమాధానం చెప్పాను. అప్పుల దగ్గర ఆగిపోయాను.

మీలో కొందరికి తెలుసు. 1999లో తోటి ఉద్యోగికి ష్యూరిటీ సంతకం పెట్టాను. అతను కట్టలేదు. రికవరీ నా జీతం మీద పడింది. పిల్ల పెళ్ళి ముందుకు వస్తే బావమరిది దగ్గర తెచ్చి సర్దాను. ఆ బాకీలో లక్షా నలభై వేలు అప్పటికి మిగిలి ఉంది. అది ఇంటివాళ్ళ మధ్య వ్యవహారం అన్నాను. భంతే నవ్వలేదు. "ఇంటివాడు అడగడానికి మొహమాటపడతాడు. అది ఇంకా పెద్ద అప్పు" అన్నారు. నిజానికి ఆ రూలు కూడా అలాగే వచ్చింది. అప్పుల నుండి తప్పించుకుని ఒకడు భిక్షువైతే అప్పిచ్చినవాళ్ళు వచ్చి గొడవ చేశారు. నేను ముక్తి కోసం వెళ్ళాననుకున్నాను గానీ, అక్కడ కూర్చున్నాక, బావమరిది మొహం తప్పించుకోవాలన్నది కూడా అందులో కొంత ఉన్నదని తోచింది. బాకీ 2015లో తీరింది.

రెండవది తల్లిదండ్రుల అనుమతి. బుద్ధుని కొడుకు రాహులునికి ప్రవ్రజ్య ఇచ్చినప్పుడు తాత శుద్ధోదనుడు ఏడ్చి, నువ్వు పోతే కొంత దుఃఖం, నందుడు పోతే ఇంకొంత, ఈ పసివాడు పోతే ఎముక మూలుగ దాకా తగిలింది, ఇకమీదట తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరినీ తీసుకోవద్దు అని వరం అడిగాడు. బుద్ధుడు ఒప్పుకున్నాడు. ఆ రూలుకు వయోపరిమితి లేదు. అరవై రెండేళ్ళ నేను ఎనభై దాటిన మా అమ్మ మంచం పక్కన కూర్చుని పర్మిషన్ అడిగాను. అమ్మ చాలాసేపు నన్ను చూసి, "ఊరోళ్ళందరిని అడిగొచ్చినవు గని నన్ను అడుగుడు ఇప్పుడు యాదికొచ్చిందా? నేను పోయినంక పో కొడుకా" అన్నది. ఇంక మాట్లాడలేదు. నాకు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. కొన్ని రోజులు ఆమెకు మందులు అందించేటప్పుడు కూడా ముఖం చూసేవాణ్ణి కాదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

2016లో, పది రోజులకైతే పోయి రమ్మన్నది. మహారాష్ట్రలో జరిగే శ్రామణేర శిబిరానికి వెళ్ళాను. క్షురకుడు వరుసలో నాకు ముందు ఒక పాలిటెక్నిక్ కుర్రవాడికి గొరిగాడు. అంతే, ఆ పది రోజులూ అతను నాకు సీనియర్. భోజనానికి అతని వెనుక, భిక్షకు అతని వెనుక. సీనియారిటీ లిస్టు గురించి ట్రిబ్యునల్ దాకా పోయిన మనుషులం మనం. సంఘంలో సీనియారిటీ ఉపసంపద జరిగిన క్షణం నుండి. అందుకే అది అయిన వెంటనే నీడ కొలవాలి, ఋతువు, పగటిపూట ఏ భాగమో చెప్పాలి అని విధి. మన జాయినింగ్ రిపోర్టులో ఫోర్‌నూన్, ఆఫ్టర్‌నూన్ రాసేవాళ్ళం చూడండి, అదే. చేసిన సర్వీసు, వయసు, గ్రేడు ఏదీ వెయిటేజీ కాదు. మొదటి రోజు పాత్ర పట్టుకుని ఒక ఇంటి ముందు నిలబడితే చేతులు వణికాయి. ఆ ఇల్లాలు నా మొహం చూడకుండానే రెండు రొట్టెలు వేసి దండం పెట్టింది. మా అమ్మ వయసే ఉంటుంది.

మన గోదావరికి ఈ సంగతి కొత్త కాదు. సుత్తనిపాతంలో బావరి కథ ఉంది. ఆయన కోసల దేశం విడిచి అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం పెట్టుకున్నాడు. ఆ చోటు మన ఎగువన ఉన్న బాదనకుర్తి లంక అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఆయన పదహారుమంది శిష్యులు మగధ దాకా నడిచి వెళ్ళి బుద్ధుణ్ణి తలా కొన్ని ప్రశ్నలు అడిగారు. అందరూ భిక్షువులయ్యారు. చివరివాడు పింగియుడు. నేను ముసలివాణ్ణి, బలం లేదు, చూపు ఆనదు, వినికిడి లేదు అని మొదలుపెట్టి అడిగాడు. మిగిలినవారిలా అతనికి వెంటనే అర్హత్త్వం దొరకలేదు. వింటున్నంతసేపూ, ఇంత మంచి మాట మా మేనమామ బావరి వినలేకపోయాడే అని మనసు అటు పోయిందట. అతనే తిరిగి గోదావరికి వచ్చి బావరికి అంతా చెప్పాడు. నాకు మిగతా పదిహేనుమంది కన్నా పింగియుడంటే ఇష్టం.

మా అమ్మ 2019లో పోయింది. కొరివి పెట్టాను. ఆ ఏడే విహారానికి వెళితే భంతే ఇంకొన్ని విషయాలు చెప్పారు. వినయంలో పై వయోపరిమితి లేదు గాని, చాలా విహారాలు అరవై దాటినవారికి వెనకాడతాయి. కొత్త భిక్షువు కనీసం అయిదేళ్ళు గురువు దగ్గర ఉండి సేవ చేయాలి. చేయించుకోవడానికి వచ్చినవాడా, చేయడానికి వచ్చినవాడా అని చూస్తారు. సంఘం ముందు గొంతుక్కూర్చుని చేతులు జోడించి మూడుసార్లు ఉపసంపద అడగాలి. నా మోకాళ్ళు మీకు తెలుసు. గోడ పట్టుకుని రోజూ పొద్దున సాధన చేస్తున్నాను. ఇప్పటికి రెండు నిమిషాలు నిలుస్తున్నాను. వెళ్ళి ఉండలేకపోతే తిరిగి రావచ్చు, అందుకు వినయంలోనే దారి ఉంది. థాయిలాండులో ఒక్క వర్షావాసం ఉండి వచ్చేసేవారు ఎందరో.

పెన్షన్ ఏమవుతుందని కోశాధికారిగారు నిన్ననే అడిగారు. భిక్షువు బంగారం, వెండి, డబ్బు స్వీకరించరాదు. జాయింట్ అకౌంటు మా ఇంటావిడ చూసుకుంటుంది. ఇక ఆవిడ సంగతి.

భార్య అనుమతి ఆ ప్రశ్నల జాబితాలో లేదు. నాకు అది వినయంలో లోటుగానే తోస్తుంది. పెద్దలు క్షమించాలి. భంతే కూడా జాబితా పూర్తయ్యాక పుస్తకం మూసి, "ఇంట్లో అమ్మ ఏమంటున్నది?" అని అడిగారు. యాభై ఏళ్ళ సంసారం. ఆమె ఇక్కడే మూడో వరుసలో కూర్చుని ఉంది. ఈ మాట నేను ఇంట్లో రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ మౌనమే. సంఘం మౌనాన్ని అంగీకారంగా రాసుకుంటుంది. మా ఇంట్లో ఆ రూలు వర్తించదు, కాబట్టి రాసుకోలేదు. మూడోసారి ఈ మైకులో అడిగి ఆమెను ఇబ్బంది పెట్టను.

వచ్చే పున్నమికి మేమిద్దరం ధూళికట్ట వెళ్తున్నాం. మన పెద్దపల్లి జిల్లాలోనే, ఎలిగేడు మండలంలో ఉంది. 1970లలో పురావస్తు శాఖ తవ్వి తీసిన స్తూపం, ముచిలింద నాగరాజు శిల్పం దొరికిన చోటు. ఇన్నేళ్ళుగా పక్కనే ఉండి చూడనివారు మనలో చాలామంది. రాదలచినవారు కార్యదర్శిగారికి పేర్లు ఇస్తే బండి మాట్లాడతాం. మధ్యాహ్నానికి పులిహోర మా ఇంటావిడ తెస్తానన్నది.