రాబందులు పోయాక చచ్చిపోయిందెవరు?

(మహిళా సంఘాల జిల్లా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీలు - పర్యావరణం అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ అంశం మీద సభ పెట్టినప్పుడల్లా కట్టెల గురించి, నీళ్ళ గురించి, అడవి గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. నేను మాత్రం ఇవాళ ఎవరికీ ఇష్టం లేని ఒక పక్షి గురించి మాట్లాడతాను. ముప్ఫయ్యేళ్ళు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. పక్షిశాస్త్రం నా సబ్జెక్టు కాదు. కానీ ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఒక పక్షి మీద చేసిన పరిశోధన ఈమధ్య చదివాను. అది మన సంఘాల్లో చర్చకు రావలసిన విషయమని నాకు గట్టిగా అనిపించింది.

ఆ పక్షి రాబందు. మన భాషలో ఈ మాట తిట్టుగా తప్ప వినపడదు. వడ్డీ వ్యాపారి రాబందు, భూములు మింగేవాడు రాబందు. ఏ కరపత్రం తీసినా 'ప్రజల్ని పీక్కుతినే రాబందులు' కనిపిస్తూనే ఉంటాయి. నిజానికి మన ఊళ్ళ చుట్టూ తిరిగిన రాబందులు బతికున్నదాని జోలికి పోయేవి కావు. చచ్చినదాన్నే తినేవి. సీతను రావణుడు ఎత్తుకుపోతుంటే ఆకాశంలో అడ్డం తిరిగి, పోరాడి, రెక్కలు తెగి పడిపోయిన జటాయువు కూడా రాబందే. ఆడవాళ్ళ సభలో ఆ పక్షి తరఫున ఈ ఒక్క మాటైనా చెప్పాలి కదా!

మా చిన్నతనంలో ఊళ్ళో గొడ్డు చస్తే మాదిగవాడకి కబురు వెళ్ళేది. ఇద్దరు ముగ్గురు వచ్చి కాళ్ళకు తాడు కట్టి ఊరి బయటికి ఈడ్చుకెళ్ళేవాళ్ళు. తోలు ఒలుచుకునేవాళ్ళు. తర్వాత రాబందులు దిగేవి. గుంపు పెద్దదైతే గంట తిరక్కుండా ఎముకల గూడు మాత్రం మిగిలేది. వాటి కడుపులో ఉండే ఆమ్లం ఎంత ఘాటైనదంటే కుళ్ళిన మాంసంలోని రోగక్రిములు చాలావరకు అందులోనే చచ్చిపోతాయి. ఎండిన ఎముకల్ని ఏరి అమ్ముకునేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. అంటే చచ్చిన గొడ్డు చుట్టూ ఒక శ్రమ విభజన ఉంది. అందులో కొంత శ్రమ పక్షిది, మిగతాది అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టిన మనుషులది. పక్షికి కూలి లేదు. మనుషులకు మాత్రం ఏమంత ఉంది? ఇద్దరి పనీ ఊరికి కావాలి, ఇద్దర్నీ చూస్తే ఊరికి అసహ్యం.

2019 పశుగణన ప్రకారం మన దేశంలో ఆవులూ గేదెలూ వగైరా కలిపి 30 కోట్లకు పైగా ఉన్నాయి. అవన్నీ ఏదో ఒకరోజు చస్తాయి. వాటిని పాతిపెట్టడానికి గానీ కాల్చడానికి గానీ చాలా ఊళ్ళలో ఏ ఏర్పాటూ లేదు. ఉన్న ఏర్పాటల్లా రాబందులే.

ఆ రాబందులు 1990లలో పోవడం మొదలుపెట్టాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ గూళ్ళు లెక్కపెడుతూ ఈ సంగతి గమనించారు. తలలు వేలాడేసుకుని కూర్చున్న పక్షులు కొన్నాళ్ళకి కొమ్మల మీంచి రాలిపోయేవి. 1992లో వెయ్యి తెల్లవీపు రాబందులు ఉన్నచోట 2007 నాటికి ఒక్కటే మిగిలింది. పొడుగుముక్కు రాబందులు కూడా నూటికి 97 పోయాయి. ఇంత వేగంగా ఒక పక్షి జాతి కూలిపోవడం చాలా అరుదు. రోగమా, వైరసా అని కొన్నేళ్ళు వెతికారు. చివరికి 2004లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన పశువైద్య శాస్త్రజ్ఞుడు లిండ్సే ఓక్స్, ఆయన బృందం పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని కోసి చూసి కారణం చెప్పారు. అది డైక్లోఫెనాక్. మోకాళ్ళ నొప్పులకి మనం మింగే మందే.

ఈ మందు 1990ల నడుమ బాగా చవకైంది. చవకయ్యాక పశువులకు వాడటం పెరిగింది. పొదుగు వాపు వచ్చినా, కాలు కుంటుతున్నా, జ్వరమొచ్చినా ఒక ఇంజెక్షన్. గేదెకు హాని లేదు. కానీ ఇంజెక్షన్ ఇచ్చిన ఒకటి రెండు రోజుల్లో ఆ గేదె చనిపోతే, దాన్ని తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడై కొద్దిరోజుల్లోనే చచ్చిపోతుంది. వంద కళేబరాల్లో ఒక్కదానిలో, అంతకన్నా తక్కువలో ఈ మందు ఉన్నా చాలు, జాతి మొత్తం కూలిపోవడానికి. ఒక్క కళేబరం మీద పదుల కొద్దీ పక్షులు వాలతాయి కాబట్టి. పైగా రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పిల్ల పెరిగి జత కట్టడానికి ఐదేళ్ళు పడుతుంది. పోయినంత వేగంగా తిరిగిరావడం దానికి సాధ్యం కాదు.

ఇక పరిశోధన. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసే ఇయాల్ ఫ్రాంక్, ఇంగ్లండులోని వారిక్ విశ్వవిద్యాలయంలో పనిచేసే అనంత్ సుదర్శన్ కలిసి చేశారు. 2024లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. వాళ్ళు అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంది. రాబందులు పోతే మనుషులకి ఏమైంది?

పద్ధతి కూడా మనందరికీ అర్థమయ్యేదే. దేశంలో కొన్ని జిల్లాలు రాబందులకు అనువైనవి, అక్కడ అవి దండిగా ఉండేవి. కొన్ని జిల్లాల్లో మొదటినుంచీ పెద్దగా లేవు. డైక్లోఫెనాక్ రాకముందు ఈ రెండు రకాల జిల్లాల్లో మరణాల రేటు దాదాపు ఒకే తీరుగా నడిచింది. మందు చవకై, పక్షులు పోయాక రెండూ విడిపోయాయి. రాబందులు ఉండి పోయిన జిల్లాల్లో మరణాలు నూటికి 4కు పైగా పెరిగాయి. 2000 నుంచి 2005 వరకు లెక్క వేస్తే ఏడాదికి లక్షా నాలుగు వేల చావులు అదనం. ఐదేళ్ళకు ఐదు లక్షల మంది. యుద్ధంలో పోతే చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కేవాళ్ళు. వీళ్ళు పోయినట్టే ఇరవయ్యేళ్ళ దాకా ఎవరికీ తెలియదు.

ఎలా పోయారు? కళేబరాలు కుళ్ళుతూ పడి ఉన్నాయి. వాగుల్లో, చెరువుల్లో వేశారు. రాబందులు పోయిన జిల్లాల్లో నీళ్ళలో మలంలో ఉండే క్రిములు ఎక్కువయ్యాయి. మాంసం తినడానికి కుక్కలు వచ్చాయి, పెరిగాయి. కుక్కకాటు టీకాల అమ్మకాలు పెరిగాయి. రాబందులాగా కుక్క కళేబరాన్ని పూర్తిగా శుభ్రం చేయదు. పైగా రేబిస్ మోస్తుంది. పశువులు ఎక్కువగా ఉండే పట్టణ ప్రాంతాల్లో ఈ దెబ్బ ఎక్కువగా తగిలిందని కూడా పరిశోధకులు చూపించారు.

ఈ నష్టాన్ని వాళ్ళు డబ్బులోకి కూడా మార్చారు. ఏడాదికి 6,940 కోట్ల డాలర్లు. ఒక భారతీయుడి ప్రాణానికి 6 లక్షల 65 వేల డాలర్లు అని విలువ కట్టి ఇలా తేల్చారు. మన డబ్బులో ఐదు కోట్లకు పైమాటే. ఆర్థికశాస్త్రంలో ఇలా విలువ కట్టడం మామూలే, నేనూ క్లాసులో చెప్పిన పద్ధతే. అయినా ఈ అంకె దగ్గర కాసేపు ఆగిపోయాను. కుక్క కరిచి మొగుడు చచ్చిపోయిన కూలి మనిషిని అడగండి, ఐదు కోట్ల మాట దేవుడెరుగు, ఐదు వేలు ఎవరిచ్చారో!

ఈ పరిశోధన మీద నాకు గౌరవం ఉంది. కానీ అది ఎక్కడ ఆగిపోయిందో మనం చూడాలి. లెక్కలన్నీ జిల్లాల వారీగా ఉన్నాయి. జిల్లాకి కులం ఉండదు, ఆడా మగా ఉండదు. చచ్చిన ఐదు లక్షల్లో ఆడవాళ్ళెందరు, పిల్లలెందరు, దళితులెందరు అన్నది ఆ లెక్కలోంచి బయటికి రాదు. అక్కడి నుంచి పని మనది.

మనకు తెలిసిన దాన్నుంచే మొదలుపెడదాం. తెల్లవారుజామున నాలుగింటికి, ఐదింటికి రోడ్డు మీద ఎవరుంటారు? మునిసిపాలిటీ ఊడ్పు పనివాళ్ళు. పెద్ద ఊళ్ళలో వాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు. చెత్తకుండీ దగ్గర ఎవరుంటారు? చిత్తుకాగితాలు ఏరుకునే ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు. మరుగుదొడ్డి లేక చీకట్లో బయటికి పోయేదెవరు? ఆ వేళకు కుక్కలు గుంపుగా తిరుగుతుంటాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి కుక్కలు చంపేశాయి. పట్టపగలే.

కుక్క కరిచాక ఏం జరుగుతుంది? వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంట కడగాలి. మనవాళ్ళు కారం అద్దుతారు, సున్నం పూస్తారు, పసరు పోయిస్తారు. తర్వాత టీకాలు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అనే భయం ఇంకా జనంలో ఉంది. ఆ పాత టీకాను మన దేశంలో 2004 చివరికే ఆపేశారు. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఎక్కువగా చేతికే, చర్మంలోకి ఇస్తారు. కరిచిన రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. నాలుగుసార్లు అంటే నాలుగు రోజుల కూలి, నాలుగుసార్లు బస్సు చార్జీ, ఇంట్లో నాలుగుసార్లు సంజాయిషీ. రెండు పడ్డాక, బాగానే ఉన్నాను కదా అని మానేస్తారు. 2024లో భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం వచ్చింది. ఏడాదికి సుమారు 91 లక్షల మందిని జంతువులు కరుస్తున్నాయి, 5,700 మంది రేబిస్‌తో చనిపోతున్నారు. కాటు పడ్డ ఐదుగురిలో ఒకరు అసలు టీకాయే వేయించుకోలేదు. మొదలుపెట్టినవాళ్ళలో దాదాపు సగం మంది పూర్తి చేయలేదు. లోతైన గాయమైతే టీకా ఒక్కటే చాలదు, గాయంలోనే ఇమ్యూనోగ్లోబులిన్ అనే మరో మందు ఎక్కించాలి. పల్లెల్లో చాలాచోట్ల దానికోసం పెద్దాసుపత్రికి పొమ్మంటారు. లక్షణాలు కనిపించాక ఇక వైద్యం లేదు. హైదరాబాద్‌లో నల్లకుంట కోరంటి ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి చాలామంది ఆ దశలోనే ఉంటారు.

ఇక కళేబరం ఎత్తే మనిషి సంగతి. రాబందు చేసే పని ఆగిపోతే ఆ భారం కూడా ఆ మనిషి మీదే పడింది. ఎత్తితే నేరం, ఎత్తకపోయినా నేరం. 2002 అక్టోబరులో హర్యానాలోని దులీనాలో, చచ్చిన ఆవు తోలు తీశారని ఐదుగురు దళితుల్ని గుంపు కొట్టి చంపింది. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో తోలు ఒలుస్తున్న దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. తర్వాత అక్కడి దళితులు కళేబరాల్ని బండ్ల మీద తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పడేశారు, ఇక ఎత్తం పొమ్మన్నారు. కుక్కల సమస్య, నీళ్ళ సమస్య, కుల సమస్య వేర్వేరని అనుకునేవాళ్ళు ఆ బండ్లని గుర్తుచేసుకోవాలి.

కుక్కల మీద ఇప్పుడు జరుగుతున్న చర్చ చూడండి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. పదకొండు రోజుల్లో దాన్ని సవరించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టినచోటే వదలమంది, కరిచేవాటినీ రేబిస్ ఉన్నవాటినీ తప్ప. పేపర్లలో, టీవీల్లో కుక్కల్ని ప్రేమించేవాళ్ళు, ద్వేషించేవాళ్ళు అని రెండు జట్లు. కుక్కలు ఇంతగా ఎందుకు పెరిగాయి, వాటి కూడు ఎక్కడిది అని అడిగే మూడో జట్టు లేదు. మనం ఆ జట్టు కావచ్చు.

ఇదేదో రాబందుకే పరిమితం అనుకోకండి. అదే ఇయాల్ ఫ్రాంక్ 2024లోనే అమెరికాలో గబ్బిలాల మీద మరో పరిశోధన ప్రచురించారు. పురుగుల్ని తినే గబ్బిలాలు బూజు రోగంతో చచ్చిపోయిన చోట్ల రైతులు పురుగుమందు మూడోవంతు దాకా ఎక్కువ కొట్టారు. అక్కడ శిశుమరణాలు నూటికి 8 దాకా పెరిగాయి. బిడ్డ పోయిన తల్లికి గబ్బిలం సంగతి ఎవరు చెప్తారు?

మనం చేయదగ్గది ఏమిటి? పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలను పశువులకు వాడుతూ వచ్చారు. 2015లో ఆ సీసాల్ని 3 మిల్లీలీటర్లకు కుదించారు. ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను 2023లో, నిమెసులైడ్‌ను 2024 చివర్లో పశువులకు వాడకూడదన్నారు. ప్రతి నిషేధానికీ మధ్య ఎన్నేళ్ళు గడిచాయో చూడండి. రాబందుకు హాని చేయని మందు మెలోక్సికామ్ ఉంది, ఖరీదూ ఎక్కువ కాదు.

మన ఇళ్ళలో గేదెను మేపేది, పాలు పితికేది, పేడ ఎత్తేది ఆడవాళ్ళు. జబ్బు చేస్తే కాంపౌండరునో గోపాలమిత్రనో పిలిపించేదీ ఎక్కువసార్లు వాళ్ళే. కానీ ఏ మందు పొడుస్తున్నావని అడిగే అలవాటు లేదు. ఆ ప్రశ్న అడగడం మన హక్కు. అలాగే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకా, ఇమ్యూనోగ్లోబులిన్ ఉంచాలని, టీకా రోజుల్లో ఊడ్పు పనివాళ్ళకి జీతం కోయకూడదని, కళేబరాలు ఎత్తడానికి పంచాయతీలు బండి, యంత్రం, గుంత ఏర్పాటు చేయాలని, ఆ పని చేసేవాళ్ళకి చేతి తొడుగులు, సరైన జీతం ఇవ్వాలని మధ్యాహ్నం తీర్మానం పెడుతున్నాం. ఈసారి జిల్లా ఆసుపత్రిలో కుక్కకాటు రిజిస్టరులో ఆడా మగా, వయసు, పనీ విడిగా రాయించాలని కూడా అందులో చేర్చమని నా ప్రతిపాదన.

మన రాష్ట్రంలో రాబందులు పూర్తిగా పోలేదు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట రాతి అంచుల మీద పొడుగుముక్కు రాబందులు 2013లో కనిపించాయి. వాటికోసం అటవీశాఖ కాపలా పెట్టింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఉంటే మాట్లాడాలని కోరుతున్నాను, నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు.

పశువులకు వాడకూడని నాలుగు మందుల పేర్లు, వాడదగ్గ మందు పేరు పెద్దక్షరాలతో రాయించి తెచ్చాను. గుమ్మం పక్క బల్ల మీద ఉన్నాయి. పాల కేంద్రం గోడకు అంటించడానికి తలా రెండేసి తీసుకెళ్ళండి.